మొదటి డాక్టర్ ఎవరు? మన ఆరోగ్య వ్యవస్థలో పీహెచ్‌సీ పనేంటో ఇప్పటికీ తేలలేదు

ఈరోజు టాపిక్ ప్రైమరీ హెల్త్ కేర్. పేరు వినగానే టెన్త్ సోషల్ పుస్తకం గుర్తొచ్చి స్క్రోల్ చేయబోతున్నారని తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. ముందు ఒక ప్రశ్న అడుగుతాను, సమాధానం మనసులో చెప్పుకోండి.

మీకు మూడు రోజుల నుంచి జ్వరం. ప్రాణం మీదకి వచ్చేంత కాదు, అలాగని వదిలేసేది కూడా కాదు. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

కొంతమంది మెడికల్ షాపుకి వెళ్లి "అన్నా, జ్వరం మాత్ర ఇవ్వు" అంటారు. కొంతమంది ఫోన్‌లో లక్షణాలు టైప్ చేస్తారు. ఊళ్లో ఉంటే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సూది వేయించుకుంటారు. సిటీలో ఉంటే యాప్‌లో నేరుగా స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ బుక్ చేస్తారు. "మా డాక్టర్ గారికి ఫోన్ చేస్తాను, నా హిస్టరీ అంతా ఆయనకి తెలుసు" అనగలిగేవాళ్లు మనలో ఎంతమంది?

ఆ ఒక్క మనిషి లేకపోవడమే ఈరోజు మన సబ్జెక్ట్. లేకపోవడానికి కారణం డాక్టర్లు తక్కువ కావడం ఒక్కటే కాదు. ఆ మనిషి చేయాల్సిన పని ఏంటో మన వ్యవస్థ దాదాపు 80 ఏళ్లుగా గట్టిగా తేల్చలేదు.

చిన్న హాస్పిటల్ కాదు, వేరే పని

మనందరికీ ఒక అపోహ ఉంది. పీహెచ్‌సీ అంటే చిన్న హాస్పిటల్, ఏరియా ఆస్పత్రి అంటే మీడియం, నిమ్స్ లాంటిది పెద్దది. అంటే ఒకే ప్రొడక్ట్, మూడు సైజులు. అలా అనుకుంటే ఎవరైనా పెద్ద సైజుకే వెళ్తారు కదా? డబ్బుంటే ఎవరు చిన్నది కొంటారు?

కానీ ప్రైమరీ కేర్ వేరే ప్రొడక్ట్. అమెరికాలో బార్బరా స్టార్‌ఫీల్డ్ అనే డాక్టర్, పరిశోధకురాలు, జీవితమంతా ఈ విషయం మీదే పనిచేశారు. ప్రైమరీ కేర్‌కి ఆవిడ చెప్పిన లక్షణాలు నాలుగు. ఒకటి, ఏ సమస్య వచ్చినా మొదట వెళ్లే చోటు అదే అవ్వాలి. రెండు, ఏళ్ల తరబడి అదే డాక్టర్ లేదా అదే టీమ్ మిమ్మల్ని చూడాలి. మూడు, మామూలుగా వచ్చే సమస్యల్లో ఎక్కువ శాతం అక్కడే తీరిపోవాలి. నాలుగు, స్పెషలిస్ట్ కావాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో వాళ్లే చెప్పాలి, వెళ్లొచ్చాక ఆ కాగితాలన్నీ కలిపి చూడాలి.

ఐటీలో ఉన్నవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. కస్టమర్ ప్రతి కంప్లైంట్‌కీ నేరుగా సీనియర్ ఆర్కిటెక్ట్‌కి ఫోన్ చేస్తే ఏమవుతుంది? ఆర్కిటెక్ట్ రోజంతా పాస్‌వర్డ్ రీసెట్లు చేస్తూ కూర్చుంటాడు, అసలు సర్వర్ పడిపోయిన కస్టమర్ క్యూలో ఉంటాడు. ఇంకో సమస్య కూడా ఉంది. ప్రతిసారీ కొత్త టికెట్, కొత్త ఇంజినీర్ అయితే పాత హిస్టరీ ఎవరి దగ్గరా ఉండదు. మీరు కార్డియాలజీకి వెళ్తారు, అక్కడ గుండె వరకే చూస్తారు. గ్యాస్ట్రోకి వెళ్తారు, అక్కడ పొట్ట వరకే చూస్తారు. ఇద్దరూ రాసిన మందులు ఒకదానితో ఒకటి పడతాయా లేదా అని చూడాల్సింది ఎవరు? ఎవరూ లేరు. చివరికి చీటీలన్నీ క్యారీబ్యాగులో వేసుకుని తిరిగే మీ అమ్మగారే ఆ పని చేస్తున్నారు.

"ఒకే డాక్టర్ ఉంటే అంత తేడా వస్తుందా?" అంటే, నార్వేలో దీన్ని లెక్కేసి చూశారు. అక్కడ ప్రతి మనిషికీ పేరు మీద ఒక ఫ్యామిలీ డాక్టర్ ఉంటారు. 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, ఒకే డాక్టర్ దగ్గర ఏడాదిగా ఉన్నవాళ్లతో పోలిస్తే, 15 ఏళ్లు దాటి ఉన్నవాళ్లలో ఎమర్జెన్సీగా హాస్పిటల్‌లో చేరే అవకాశం, చనిపోయే అవకాశం రెండూ పాతిక శాతం అటూ ఇటూగా తక్కువ. దానికి కారణం ఒకే డాక్టర్ ఉండటమే అని ఈ ఒక్క స్టడీ పూర్తిగా నిరూపించదు. కానీ ఇంత తేడా ఒక కొత్త మందు వల్ల వచ్చి ఉంటే, అది టీవీలో బ్రేకింగ్ న్యూస్ అయ్యేది.

1946లోనే మొదలైంది

మన దేశంలో ఈ ఐడియా కొత్తది కాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1943లో, సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. 1946లో రిపోర్ట్ ఇచ్చింది. ముందుగా ప్రతి 40,000 మందికీ ఒక ప్రైమరీ హెల్త్ సెంటర్ పెట్టండి, రోగం వచ్చాక వైద్యం, రాకముందు నివారణ, రెండూ ఒకే చోట చేయండి, డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం ఆగకూడదు అని చెప్పింది.

1952లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్‌తో పాటు పీహెచ్‌సీలు మొదలయ్యాయి. కానీ పోను పోను వాటికి వేరే పనులు మీద పడ్డాయి. మలేరియా, మశూచి, టీబీ, ఆ తర్వాత కుటుంబ నియంత్రణ. ఒక్కో దానికీ ఢిల్లీ నుంచి ఒక్కో ప్రోగ్రామ్, ఒక్కో టార్గెట్, ఒక్కో రిజిస్టర్. మీ ఇంట్లో తాతమ్మ వయసువాళ్లని అడగండి. పీహెచ్‌సీ అంటే వాళ్లకి గుర్తొచ్చేవి పిల్లలకి టీకాలు, కు.ని. ఆపరేషన్లు. మోకాలు నొప్పికో, ఆయాసానికో అక్కడికి వెళ్లాలని చాలామందికి తట్టేది కాదు. ఎందుకంటే ఆ బిల్డింగ్ మీ సమస్య వినడానికి కాకుండా, గవర్నమెంట్ ప్రోగ్రామ్ మీదాకా చేర్చడానికి కట్టినట్టు పనిచేసింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ప్రోగ్రామ్‌లు వృథా కాలేదు. మశూచి పోయింది, పోలియో పోయింది. అవి చిన్న విజయాలు కాదు. కానీ టీకా అంటే కొన్ని డోసులతో అయిపోయే పని. బీపీ, షుగర్ అలా కాదు, 30 ఏళ్లు వెంట ఉంటాయి. మొదటి పనికి కట్టిన సిస్టమ్ రెండో పనికి సరిపోదు.

1978లో సోవియట్ యూనియన్‌లోని అల్మా-ఆటాలో 134 దేశాలు కూర్చుని, ప్రైమరీ హెల్త్ కేరే అందరి ఆరోగ్యానికి దారి అని ప్రకటించాయి. 2000 సంవత్సరానికల్లా అందరికీ ఆరోగ్యం అన్నారు. మరుసటి ఏడాదే, అంత ఖర్చు పెట్టలేం కాబట్టి ముఖ్యమైన కొన్ని రోగాలే ఎంచుకుందాం అనే వాదన బలంగా వచ్చింది. ఫుల్ వెర్షన్ ప్రకటించి, లైట్ వెర్షన్ రిలీజ్ చేశారన్నమాట.

డబ్బు మాత్రం పెద్దాసుపత్రి వైపు వెళ్లింది

ఇప్పుడు మన రాష్ట్రాలకి వద్దాం. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ముందు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం, ఆ తర్వాత రాష్ట్రమంతా. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే కుటుంబాలకి అది నిజంగా ప్రాణదానం. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. 2018 సెప్టెంబర్‌లో కేంద్రం కూడా అదే దారిలో ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వరకు హాస్పిటల్ ఖర్చు భరించే పీఎం-జేఏవై తెచ్చింది.

కానీ ఈ పథకాల డిజైన్ చూడండి. ఇవి ప్రధానంగా హాస్పిటల్‌లో చేరితే పనిచేసేవి. ఓపీలో చూపించుకున్న ఖర్చు, నెల నెలా కొనే మందుల ఖర్చు పీఎం-జేఏవైలో రాదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. పల్లెలో 42 ఏళ్ల రైతు, బీపీ 160 ఉంది. బయటికి ఏ లక్షణం లేదు. అతనికి కావాల్సింది రోజుకో మాత్ర, జెనరిక్‌లో కొద్ది రూపాయలు, నెలకోసారి బీపీ చూసి "మాత్ర ఆపకు మావా" అని చెప్పే మనిషి. ఆ మనిషి లేడు. పదేళ్లు గడిచాయి, కిడ్నీలు పాడయ్యాయి. ఇప్పుడు వారానికి రెండు మూడు డయాలసిస్‌లు. అప్పుడు మాత్రం ప్రభుత్వం ముందుకొస్తుంది, ప్యాకేజీ ఉంది, కార్డు ఉంది, డయాలసిస్ సెంటర్ ఉంది. మాత్ర దశలో కనబడని వ్యవస్థ మెషీన్ దశలో కనబడుతుంది. ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. బడ్జెట్‌లో ఆపరేషన్‌కి ఒక కోడ్ ఉంటుంది, జరగని ఆపరేషన్‌కి కోడ్ ఉండదు.

ఇది అరుదైన కేసు అనుకోకండి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10 కోట్ల మంది, బీపీ ఉన్నవాళ్లు సుమారు 31 కోట్ల మంది. ఇంతమందిని కార్డియాలజిస్టులు, ఎండోక్రినాలజిస్టులు చూడాలంటే జరిగే పనేనా? ఇక దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి నేరుగా పెట్టేది 2013-14లో 64 శాతం ఉండేది, 2021-22కి 39 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే. కానీ ఇప్పటికీ పెడుతున్న దాంట్లో పెద్ద వాటా మందులదే.

ఖాళీ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు

ఇప్పుడు అసలు పాయింట్. మొదటి డాక్టర్ అనే పోస్ట్ ఖాళీగా లేదు. ఆర్‌ఎంపీ ఆ పోస్ట్‌లో ఉన్నాడు.

మనం ఆర్‌ఎంపీల గురించి మాట్లాడితే రెండే రకాలుగా మాట్లాడతాం. దొంగ డాక్టర్ అంటాం, లేకపోతే పేదల దేవుడు అంటాం. రెండూ పక్కన పెట్టి స్టార్‌ఫీల్డ్ లిస్ట్‌తో చూడండి. రాత్రి 11కి తలుపు కొడితే లేస్తాడు, అంటే మొదటి లక్షణం ఉంది. ఇరవై ఏళ్లుగా అదే ఊళ్లో ఉన్నాడు, మీ నాన్నగారి షుగర్ సంగతి తెలుసు, రెండోది ఉంది. ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్లాలో చెప్తాడు, అవసరమైతే వెంట వస్తాడు, నాలుగోది కూడా ఉంది. లేనిది ఒక్కటే, వైద్యం చదువు. అది చిన్న లోటు కాదు. వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్, అవసరం లేని సెలైన్, నొప్పి తగ్గడానికి స్టెరాయిడ్, ఇవన్నీ ఆ లోటులోంచే వస్తాయి. పేషెంట్‌ని పంపినందుకు కమీషన్ ఇచ్చే ప్రైవేట్ హాస్పిటల్ ఉంటే, ఆ రెఫరల్ ఎవరి మేలు కోసమో చెప్పక్కర్లేదు.

అయితే పీహెచ్‌సీ సంగతేంటి? అక్కడ చదువు ఉంది, మిగతా మూడూ బలహీనం. డాక్టర్ ఎంబీబీఎస్. కానీ ఓపీ టైమ్ అయ్యాక దొరకడం కష్టం, రెండేళ్లకి మారిపోతారు, మీ పేరు తెలియదు. జనం తెలివితక్కువై ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లట్లేదు. దగ్గరగా, తెలిసినవాడుగా, పిలిస్తే పలికేవాడుగా ఉన్నవాణ్ణి ఎంచుకుంటున్నారు.

2018 తర్వాత ఏం మారింది

మారలేదని చెప్తే అన్యాయం. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఆరోగ్య బడ్జెట్‌లో మూడింట రెండొంతులు, వీలైతే ఇంకా ఎక్కువ, ప్రైమరీ కేర్‌కే పెట్టాలని రాసుకుంది. 2018 ఏప్రిల్‌లో సబ్ సెంటర్లని, పీహెచ్‌సీలని హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. లక్ష్యం 1,50,000 సెంటర్లు. 2023లో వీటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చారు. మైదాన ప్రాంతంలో సుమారు 5,000 మందికి ఒక సబ్ సెంటర్, అందులో ఏఎన్‌ఎంతో పాటు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, చాలాచోట్ల బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు. మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ అని కూడా అంటారు. టీకాలు, కాన్పులే కాకుండా 30 దాటినవాళ్లకి బీపీ, షుగర్, కొన్ని క్యాన్సర్ల స్క్రీనింగ్ కూడా వాళ్ల పనే.

హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. అక్కడ రక్త నమూనా ఇస్తే టెస్టులు ఫ్రీ. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలుపెట్టారు. పీహెచ్‌సీ డాక్టర్ 104 వాహనంతో పాటు తన పరిధిలోని ఊళ్లకి వెళ్లి చూడాలి, వీలైనంతవరకు అదే డాక్టర్ అదే ఊరికి రావాలి. ఐడియా చూశారా? స్టార్‌ఫీల్డ్ చెప్పిన రెండో లక్షణం అదే.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్. మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏం లేదు. ఏ మందు ముందు, ఏది తర్వాత అని అందరికీ ఒకే ప్రోటోకాల్. మందులు స్టాక్ అయిపోకుండా చూడటం. నెలకి సరిపడా మాత్రలు ఇంటికి దగ్గర్లోనే ఇవ్వడం. నర్స్ వాడటానికి సింపుల్ అనే పేరుతో ఒక ఓపెన్ సోర్స్ యాప్, అందులో ఈ నెల రానివాళ్ల లిస్ట్ కనబడుతుంది, ఫోన్ చేసి పిలుస్తారు. అంతే. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. రానివాళ్ల లిస్ట్ ఉండటం అనేది చిన్న విషయంలా ఉంటుంది. కానీ హాస్పిటల్ వచ్చినవాళ్లనే లెక్కేస్తుంది, ప్రైమరీ కేర్ రానివాళ్లని కూడా లెక్కేయాలి. తేడా అంతా అక్కడుంది.

మరి ఇంకా తేలనిది ఏంటి?

మొదటిది, డాక్టర్ కెరీర్. బ్రిటన్‌లో 1948 నుంచి నేషనల్ హెల్త్ సర్వీస్‌కి వెన్నెముక జీపీలే, అంటే జనరల్ ప్రాక్టీషనర్లు. జీపీ అవ్వడం అక్కడ ఒక స్పెషాలిటీ, విడిగా ట్రైనింగ్ ఉంటుంది. మన దగ్గర ఎంబీబీఎస్ చదివి వెళ్లిన తెలుగు డాక్టర్లు చాలామంది అక్కడ జీపీలుగా గౌరవంగా బతుకుతున్నారు. అదే మనిషి ఇక్కడ పీహెచ్‌సీలో ఉంటే పెళ్లి సంబంధాల్లో మొదటి ప్రశ్న "పీజీ ఎప్పుడు బాబూ?" అని. ఫ్యామిలీ మెడిసిన్‌లో పీజీ ఉంది, కానీ సీట్లు చాలా తక్కువ. పీహెచ్‌సీలో కొన్నేళ్లు బాగా పనిచేస్తే వచ్చే బహుమతి ఏంటి? ఇన్‌సర్వీస్ కోటాలో పీజీ సీటు. అంటే పీహెచ్‌సీలో బాగా పనిచేసినందుకు బహుమతి, పీహెచ్‌సీ వదిలి వెళ్లే అవకాశం. డాక్టర్లని తప్పుపట్టడానికి ఏమీ లేదు, రూల్ అలా రాసుంది.

రెండోది, గేటు. బ్రిటన్‌లో మామూలుగా జీపీ రాసిస్తేనే స్పెషలిస్ట్ దగ్గరికి. మనం కూడా అలా పెట్టాలా? కొందరు పెట్టాలంటారు. నాకైతే ఇప్పుడే పెడితే నష్టమనిపిస్తుంది. గేటు దగ్గర మనిషి లేనప్పుడు గేటుకి తాళం వేస్తే, లోపలికి వెళ్లాల్సినవాడు బయటే ఉండిపోతాడు. బ్రిటన్‌లో కూడా ఇప్పుడు జీపీ అపాయింట్‌మెంట్ కోసం పొద్దున 8 గంటలకి ఫోన్ లైన్‌లో కుస్తీ పట్టాల్సి వస్తోంది. అంటే గేటు పెట్టిన దేశాల్లో కూడా గేటు దగ్గర మనుషులు తగ్గితే కథ మొదటికే వస్తుంది. ముందు నమ్మకం, తర్వాత రూల్. బ్రెజిల్ 1994 నుంచి ఫ్యామిలీ హెల్త్ టీమ్‌లు పెట్టింది. ఒక డాక్టర్, ఒక నర్స్, ఇళ్లకి వెళ్లే కార్యకర్తలు, వాళ్లకి అప్పజెప్పిన కొన్ని వేల మంది జనం. "ఈ కుటుంబాలు మీ బాధ్యత" అని లిస్ట్ చేతికి ఇచ్చారు. మన ఆశా కార్యకర్త దగ్గర ఆ లిస్ట్ సగం ఉంది, సుమారు వెయ్యి మందికి ఒకరు. కానీ లిస్ట్ పై చివర ఎప్పుడూ ఉండే డాక్టర్ పేరు చాలాచోట్ల ఖాళీ.

మూడోది, కొనసాగింపు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, బోర్డు రంగు మారుతుంది. హాస్పిటల్ బిల్డింగ్‌కి రిబ్బన్ కట్ చేయొచ్చు. స్ట్రోక్ రాకుండా ఉన్న మనిషితో ఫోటో దిగడం కష్టం. అందుకే ఓట్ల లెక్కలో ప్రైమరీ కేర్ ఎప్పుడూ వెనకబెంచీయే.

సరే, మనం ఏం చేయగలం?

సిస్టమ్ మారే వరకు ఆగక్కర్లేదు. నాలుగు పనులు చెప్తాను.

ఒకటి. మీ ఏరియాకి ఏ పీహెచ్‌సీ, ఏ సబ్ సెంటర్ లేదా ఏ బస్తీ దవాఖానా వస్తుందో కనుక్కోండి. ఇంట్లో 30 దాటినవాళ్లందరినీ ఒకసారి అక్కడికి తీసుకెళ్లి బీపీ, షుగర్ చూపించండి. అక్కడ ఎలా ఉంటుందో మీ కళ్లతో మీరే చూడండి, వాట్సాప్ మాటలు నమ్మకండి.

రెండు. గవర్నమెంటైనా ప్రైవేటైనా, మీ ఇంటికి ఒక జనరల్ డాక్టర్‌ని ఎంచుకుని ఆయన దగ్గరికే వెళ్లండి. ఎంబీబీఎస్ చాలు. ప్రతి జ్వరానికీ డాక్టర్‌ని మార్చకండి.

మూడు. అమ్మానాన్నల ప్రిస్క్రిప్షన్లు, రిపోర్టులు తేదీల వారీగా ఫోటోలు తీసి ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఎక్కడికి వెళ్లినా వాడుతున్న మందులన్నీ ఒకేసారి చూపించండి. బీపీ మాత్ర "బాగానే ఉందిగా" అని సొంతంగా ఆపనివ్వకండి. బాగుండేది మాత్ర వల్లే కావచ్చు.

నాలుగు. ఇదంతా మామూలు సమస్యలకి. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, ఊపిరి ఆడకపోవడం లాంటివైతే ఫ్యామిలీ డాక్టర్ కోసం చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. ఎలక్షన్లప్పుడు "ఎన్ని పడకల హాస్పిటల్ కడతారు?" అని అడుగుతాం కదా. ఈసారి ఇంకో ప్రశ్న కలపండి. "మా పీహెచ్‌సీలో డాక్టర్ ఎన్నేళ్లు ఉంటారు? బీపీ మాత్రలు ఏడాదిలో ఎన్ని నెలలు దొరుకుతాయి?" రెండూ లెక్క చెప్పగలిగే ప్రశ్నలే.

మీ ఊరి సబ్ సెంటర్‌కి గానీ, మీ బస్తీ దవాఖానాకి గానీ వెళ్లినవాళ్లు ఉంటే, బాగున్నా బాగోకపోయినా ఉన్నది ఉన్నట్టు కామెంట్‌లో రాయండి. డాక్టర్లు, నర్సులు, ఆశా అక్కలు ఎవరైనా చూస్తుంటే మీ వైపు మాట కూడా చెప్పండి, అది ఎక్కువ అవసరం. ఈ ఎపిసోడ్ ఒక్కరికే పంపాలనుకుంటే, ఇంట్లో బీపీ మాత్ర మధ్యలో ఆపేసినవాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.